గూడవల్లి రామబ్రహ్మం

చలనచిత్రం ఇరవయ్యవ శతాబ్దపు కళ. నాటకం, సంగీతం, నృత్యం, చిత్రలేఖనం మొదలైన కళలన్నీ అందులో ఒదిగి ఉన్నాయి. అక్షరజ్ఞానం లేనివారికి సైతం కథ చెప్పి, వారిని ఆలోచింపజేయగల శక్తి దానికి ఉన్నది. ఆ శక్తిని వినోదానికి వినియోగించినవారు ఎందరో ఉన్నారు. సంఘంలోని అన్యాయాన్ని ఎత్తిచూపడానికి వినియోగించినవారు మాత్రం కొందరే. తెలుగునాట ఆ కొందరిలో మొదట పేర్కొనదగిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. ఆయన జీవించినది నలభై నాలుగు సంవత్సరాలు. అందులో దర్శకుడుగా పనిచేసినది సుమారు ఎనిమిది సంవత్సరాలే. ఆ స్వల్పకాలంలోనే ఆయన తెలుగు సినిమాకు ఒక కొత్త బాధ్యతను అలవరచారు.

రామబ్రహ్మం 1902వ సంవత్సరంలో కృష్ణా జిల్లా గుడివాడకు సమీపంలోని నందమూరు గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం కాలువల నీటితో సస్యశ్యామలంగా ఉండేది. కాని పంట పండించే రైతుల బ్రతుకులు అంత పచ్చగా ఉండేవి కావు. ఊరి వెలుపల వాడలలో నివసించే అంటరానివారి స్థితి మరింత దయనీయంగా ఉండేది. వారికి ఊరి బావిలో నీరు తోడుకొనే హక్కు లేదు. గుడిలో అడుగుపెట్టే హక్కు అంతకన్నా లేదు. పల్లెలలోని ఈ విషమ పరిస్థితులే తరువాతి కాలంలో ఆయన చిత్రాలకు కథావస్తువులైనాయి.

1920లో మహాత్మాగాంధీ సహాయ నిరాకరణోద్యమాన్ని ప్రారంభించారు. ఆ పిలుపును అందుకొని దేశంలో వేలాది విద్యార్థులు కళాశాలలు విడిచిపెట్టారు. యువకుడైన రామబ్రహ్మం కూడ చదువు మాని ఉద్యమంలో చేరారు. ఆ పిమ్మట పత్రికారంగంలో ప్రవేశించారు. సమదర్శిని, ప్రజామిత్ర పత్రికలకు సంపాదకత్వం వహించారు. పత్రికా రచన ఆయనకు రెండు విషయాలను నేర్పింది. మొదటిది, ప్రజల సమస్యలను సమీపం నుండి పరిశీలించడం. రెండవది, ప్రతిభగల రచయితలను గుర్తించి వారిచేత వ్రాయించడం. ఈ రెండూ సినిమా రంగంలో ఆయనకు అక్కరకు వచ్చాయి.

తెలుగులో తొలి టాకీ భక్తప్రహ్లాద 1932లో విడుదలైనది. అనంతరం కొన్నేండ్లపాటు వచ్చిన చిత్రాలలో అధికభాగం పౌరాణికాలే. రంగస్థలంపై ప్రసిద్ధి పొందిన నాటకాలనే నిర్మాతలు తెరకెక్కించేవారు. ప్రేక్షకులకు తెలిసిన కథ, పరిచయమైన పద్యాలు ఉంటే పెట్టుబడికి భయం లేదని వారి నమ్మకం. 1936లో ప్రేమవిజయం, 1938లో గృహలక్ష్మి వంటి సాంఘిక చిత్రాలు వెలువడినా పౌరాణికాల ప్రాబల్యం తగ్గలేదు. మద్రాసులోని వేల్ పిక్చర్స్ సంస్థలో చిత్రనిర్మాణ వ్యవహారాలు చూస్తూ రామబ్రహ్మం ఈ రంగంలోని మెలకువలను గ్రహించారు. తెలిసిన కథను మరల చెప్పడంకంటె, కళ్ల ఎదుట జరుగుతున్న కథను చెప్పాలని ఆయన సంకల్పించారు.

ఆ కాలంలో దేశమంతటా అస్పృశ్యతా నివారణను గూర్చి తీవ్రమైన చర్చ జరుగుతున్నది. 1933 చివరలో గాంధీజీ హరిజన యాత్రలో భాగంగా ఆంధ్రప్రాంతంలో పర్యటించారు. 1936లో తిరువాన్కూరు సంస్థానం తన దేవాలయాల ద్వారాలను అన్ని కులాల హిందువులకు తెరచింది. మద్రాసు రాష్ట్రంలో మాత్రం ఆ ద్వారాలు ఇంకా మూసియే ఉన్నాయి. ఇటువంటి సమయంలో రామబ్రహ్మం తన మొదటి చిత్రానికి ఆలయప్రవేశ సమస్యను కథావస్తువుగా స్వీకరించారు. చిత్రానికి మాలపిల్ల అని పేరు పెట్టారు. ఊరిలో చిన్నచూపుతో పలికే మాటను గోడపత్రికలపైకి ఎక్కించడమే ఒక సాహసం.

సారథి ఫిలిమ్స్ పతాకంపై నిర్మించిన ఈ చిత్రం 1938లో విడుదలైనది. ప్రసిద్ధ రచయిత గుడిపాటి వెంకటచలం కథను సమకూర్చారు. తాపీ ధర్మారావు సంభాషణలు వ్రాశారు. బసవరాజు అప్పారావు గీతాలకు భీమవరపు నరసింహారావు సంగీతం కూర్చారు. కల్యాణపురమనే గ్రామంలో హరిజనులకు ఆలయప్రవేశం నిషిద్ధం. గ్రామంలో ఆచారపరాయణుడైన సుందరరామశాస్త్రి మాటకు ఎదురు లేదు. ఆయన కుమారుడు నాగరాజు, హరిజన యువతి శంపాలతను ప్రేమిస్తాడు. ఊరిలో నిలువనీడ దొరకదని గ్రహించి వారు కలకత్తాకు వెళ్లిపోతారు. ఇక్కడ గ్రామంలో హరిజనుల పోరాటం సాగుతూనే ఉంటుంది. ఒకనాడు శాస్త్రి భార్య అగ్నిప్రమాదంలో చిక్కుకొనగా ఒక హరిజనుడు ప్రాణాలకు తెగించి ఆమెను కాపాడతాడు. తాకరాదని తాను దూరముంచిన చేతులే తన ఇంటి దీపాన్ని నిలిపినవని శాస్త్రి గ్రహిస్తాడు. గుడి తలుపులు తెరచుకొంటాయి. నాగరాజు, శంపాలతల వివాహానికి పెద్దల ఆశీస్సులు లభిస్తాయి.

శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, శంపాలతగా కాంచనమాల, నాగరాజుగా గాలి వెంకటేశ్వరరావు నటించారు. కాంచనమాల ఈ చిత్రంతో ఆంధ్రదేశమంతటా అభిమానులను సంపాదించుకొన్నది. ఛాందసులు చిత్రాన్ని నిరసించినా సామాన్య ప్రేక్షకులు ఘనవిజయం చేకూర్చారు. నేటి పాఠకునికి ఈ కథలో ఒక లోపం కనిపించవచ్చు. హరిజనుడు ఒక ప్రాణాన్ని కాపాడి తన యోగ్యతను నిరూపించుకొంటేగాని గుడి తలుపులు తెరచుకొనలేదు. మనిషిగా పుట్టిన ప్రతివానికీ ఆ హక్కు సహజంగానే ఉండవలసినది కదా! అయినప్పటికీ ఆ హక్కును గూర్చి కులభేదం లేకుండ అందరూ టిక్కెట్టు కొని కూర్చున్న సినిమాశాలలోనే ప్రశ్నించడం 1938లో చిన్న విషయం కాదు. ఆ మరుసటి సంవత్సరం మదురై మీనాక్షి ఆలయంలో హరిజనులు ప్రవేశించారు. మద్రాసు ప్రభుత్వం ఆలయప్రవేశానికి అనుకూలంగా శాసనం చేసింది.

మాలపిల్ల విజయం రామబ్రహ్మానికి ధైర్యాన్నిచ్చింది. రెండవ చిత్రానికి ఆయన అంతకంటె ప్రమాదకరమైన వస్తువును ఎంచుకొన్నారు. అది జమీందారీ సమస్య. నాడు ఆంధ్రప్రాంతంలో లక్షలాది ఎకరాల భూమి జమీందారుల అధీనంలో ఉండేది. శిస్తు చెల్లించలేని రైతులు భూములు కోల్పోయేవారు. వడ్డీవ్యాపారుల బాధ దీనికి తోడయ్యేది. 1937లో మద్రాసులో ఏర్పడిన కాంగ్రెసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం జమీందారీ ప్రాంతాలలో విచారణ జరిపి రైతుల పక్షాన నివేదిక సమర్పించింది. ఊరూరా రైతుసంఘాలు ఏర్పడుతున్నాయి. ఈ వాతావరణంలో 1939లో రైతుబిడ్డ విడుదలైనది.

ఇందులో విచిత్రమైన విషయం ఒకటున్నది. సారథి ఫిలిమ్స్ సంస్థకు అధిపతి చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. ఆయన స్వయంగా ఒక జమీందారు. అట్టి జమీందారు సంస్థనుండియే జమీందారీ వ్యవస్థను ఖండించే చిత్రం వెలువడినది. ఎన్నికలలో జమీందారు నిలిపిన అభ్యర్థిని కాదని రైతు అభ్యర్థిని బలపరచిన నర్సిరెడ్డి అనే రైతు ఎదుర్కొన్న కష్టాలే ఇందలి ఇతివృత్తం. రంగస్థల నటుడుగా దేశమంతటా కీర్తి గడించిన బళ్లారి రాఘవ నర్సిరెడ్డి పాత్రను పోషించారు. ప్రకాశం సోదరుని కుమార్తె టంగుటూరి సూర్యకుమారి కూడ ఇందులో నటించింది. త్రిపురనేని గోపీచంద్ ఈ చిత్ర రచనలో పాలుపంచుకొన్నారు. పల్లెపదాల సొగసు తెలిసిన కొసరాజు రాఘవయ్య చౌదరి పాటలు వ్రాసి సినిమా రంగంలో అడుగుపెట్టారు.

రైతుబిడ్డ జమీందారులకు ఆగ్రహం కలిగించింది. కొందరు నిర్మాతలకు లాయరు నోటీసులు పంపారు. ప్రదర్శనలను ఆపించడానికి అధికారులపై ఒత్తిడి తెచ్చారు. చివరకు కొన్ని ప్రాంతాలలో చిత్ర ప్రదర్శన నిషేధానికి గురియైనది. తెరమీది బొమ్మ ఒక వ్యవస్థను అంతగా భయపెట్టగలదని తెలుగువారికి అప్పుడు తెలిసింది. కాని ఆ నిషేధం వలన నిర్మాతలు, దర్శకుడు నష్టపోక తప్పలేదు. పత్రికలో వ్యాసాన్ని నిషేధిస్తే ఒక సంచిక పోతుంది. చిత్రాన్ని నిషేధిస్తే ఎందరో నెలల తరబడి చేసిన శ్రమ, పెద్దమొత్తంలో పెట్టిన ధనం ఒక్కసారిగా పోతాయి. సినిమాలో సత్యం చెప్పడానికి చెల్లించవలసిన మూల్యం ఎంతటిదో రామబ్రహ్మానికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది.

ఆ తరువాత ఆయన తీసిన చిత్రాలలో అంతటి ప్రత్యక్షమైన రాజకీయ పోరాటం కనిపించదు. అయినా ప్రయోగాలను మానలేదు. 1940లో ఇల్లాలు, 1941లో అపవాదు చిత్రాలను రూపొందించారు. ఇల్లాలు చిత్రానికి సాలూరి రాజేశ్వరరావు కూర్చిన లలితమైన బాణీలు సంగీతప్రియులను అలరించాయి. 1942లో తమిళ కావ్యం శిలప్పదికారంలోని కన్నగి కథను పత్ని అను పేర తెలుగు తెరకు తెచ్చారు. 1943లో పంతులమ్మ విడుదలైనది. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా ముడి ఫిలిం కొరత ఏర్పడి, ప్రభుత్వం చిత్రాల నిడివిపై పరిమితి విధించిన రోజులవి. అటువంటి కష్టకాలంలోనే జానపద కథ ఆధారంగా 1945లో మాయలోకం నిర్మించి ప్రేక్షకులను మెప్పించారు. యువ నటుడైన అక్కినేని నాగేశ్వరరావు అందులో నటించారు.

అనంతరం రామబ్రహ్మం పల్నాటి యుద్ధం చిత్రాన్ని ఆరంభించారు. ఈ వీరగాథను ఎన్నుకొనడం యాదృచ్ఛికమని చెప్పలేము. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు కులభేదాలు పాటించక అందరినీ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించాడని ప్రసిద్ధి. మాల కన్నమదాసును పుత్రుడుగా ఆదరించినవాడతడు. మాలపిల్లలో ఎత్తుకొన్న ప్రశ్నకు జవాబు తెలుగువారి చరిత్రలోనే ఉన్నదని ఈ కథ గుర్తుచేస్తుంది. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా నాగేశ్వరరావు నటించారు. చిత్రం పూర్తి కాకమునుపే, 1946 అక్టోబరు 1న రామబ్రహ్మం కన్నుమూశారు. మిగిలిన భాగానికి ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించగా 1947లో పల్నాటి యుద్ధం విడుదలై విజయం సాధించింది.

రామబ్రహ్మం మరణించిన రెండేండ్లకు, 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు శాసనాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం పదిహేడవ అధికరణం ద్వారా అస్పృశ్యతను నిషేధించింది. తాను తెరమీద చూపిన రెండు అన్యాయాలకు చట్టం అడ్డుకట్ట వేసిన ఆ దినాలను చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు. ఆ మార్పులు ఒక్క సినిమా వలన వచ్చినవి కావు. లక్షలాది ప్రజల ఉద్యమాల ఫలితంగా వచ్చినవి. కాని ఆ ఉద్యమాల గొంతును, పత్రిక చదవలేని పల్లెవాసి చెవికి చేర్చినవారిలో రామబ్రహ్మం ముఖ్యులు.

చట్టం వచ్చినంతమాత్రాన మనుష్యుల మనస్సులు మారవు. కులం పేరిట జరిగే అవమానాలు, అప్పుల భారంతో కుంగిపోయే రైతు కుటుంబాల వెతలు నేటికీ పూర్తిగా తొలగిపోలేదు. అందువలననే మాలపిల్ల, రైతుబిడ్డ చిత్రాలు పాతబడినా అవి లేవనెత్తిన ప్రశ్నలు పాతబడలేదు. లాభనష్టాల లెక్కలు తెలిసియుండి కూడ తన కళను బలహీనుల పక్షాన నిలిపిన దర్శకుడుగా గూడవల్లి రామబ్రహ్మం తెలుగు చలనచిత్ర చరిత్రలో చిరస్మరణీయులు.