మాలపల్లి కర్త ఉన్నవ లక్ష్మీనారాయణ

నూరేళ్ళ క్రితం ఆంధ్రదేశంలో గ్రామమంటే ఒకే ఊరు కాదు. నడుమ సవర్ణుల ఊరు, వెలుపల పంచముల పల్లె. దుక్కికీ కోతకూ పల్లెవాసుల శ్రమ కావలసిందే. వారి నివాసం మాత్రం ఊరికి ఆవలనే ఉండాలి. బావి వేరు, బాట వేరు. ఈ అన్యాయాన్ని ఇతివృత్తంగా స్వీకరించి, పల్లె పేరునే గ్రంథనామంగా నిలిపిన ధీశాలి ఉన్నవ లక్ష్మీనారాయణ.

ఆయన 1877 డిసెంబరు 4న గుంటూరు జిల్లా వేములూరుపాడులో శ్రీరాములు, శేషమ్మ దంపతులకు జన్మించారు. ఐర్లండులోని డబ్లిన్ నగరంలో బారిస్టరు పట్టా పొందారు. వీరేశలింగం పంతులుగారి అడుగుజాడలలో గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు. సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మతో కలసి, స్త్రీవిద్యకై 1922లో శారదానికేతనాన్ని స్థాపించారు.

1921లో పలనాటి రైతులు అడవి పుల్లరికి ఎదురుతిరిగారు. ఆ ఉద్యమ సందర్భంలో ఉన్నవ కారాగారవాసం అనుభవించారు. రాయవేలూరు చెరసాలలో ఆయన రచించిన నవలయే ‘మాలపల్లి’. ‘సంగవిజయం’ దానికి మరొక పేరు.

కథాస్థలం మంగళాపురం. భక్తుడైన రామదాసుది మాలపల్లిలో గౌరవప్రదమైన కుటుంబం. ఆయన చిన్నకుమారుడు సంగదాసు కూలీల పక్షాన నిలిచి, భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు అసువులు బాస్తాడు. పెద్దకుమారుడు వెంకటదాసు తిరుగుబాటు మార్గం పడతాడు. ఆ చౌదరయ్య కుమారుడే సంగదాసుకు ప్రాణమిత్రుడు కావడం గమనించదగినది. ఊరికీ పల్లెకూ నడుమ గల గీతను స్నేహం దాటగలదు. కాని దానిని చెరపడానికి స్నేహమొక్కటే చాలదు. భూమి, కూలి, చదువు, వీటన్నింటిలో న్యాయం జరగాలి. ఈ నవల సారాంశం ఇదే.

గుంటూరు సీమ వాడుకభాషలో సాగిన ఈ రచనకు జడిసి మద్రాసు ప్రభుత్వం నిషేధం విధించింది. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం దానిని తొలగించింది. 1958 సెప్టెంబరు 25న ఉన్నవ పరమపదించారు.

నివాసంలో వివక్ష మన దేశానికే పరిమితం కాదు. నల్లజాతివారికి ఇల్లు నిరాకరించడాన్ని అమెరికా 1968లో చట్టం ద్వారా నిషేధించింది. అంతకు ముందే, 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణంతో అస్పృశ్యతను రద్దుచేసింది. అయినా వాడలు ఊరికి వెలుపలనే మిగిలిన గ్రామాలు నేటికీ ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం సీమల పత్తి, మిరప చేలలో కలసి శ్రమించేవారు ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా నివసించిననాడే ఉన్నవ ఆశయం సఫలమవుతుంది.