మోటుపల్లి రేవున అభయమిచ్చిన గణపతిదేవ చక్రవర్తి

తెలుగునాటిని ఏలిన ప్రభువులలో యుద్ధములు గెలిచినవారు అనేకులు; కోటలు కట్టినవారును అనేకులు. సముద్రముపై వచ్చు పరదేశికి ధర్మము చూపి, ఆ ధర్మమును రాతిపై చెక్కించి శాశ్వతకీర్తి గడించినవారు అరుదు. అట్టి అరుదైన ప్రభువు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. క్రీ.శ. 1199 నుండి 1262 వరకు, అరువది యేండ్లకు పైగా ఆయన పాలన సాగెను.

ఆ దీర్ఘపాలనకు ఆరంభము మాత్రము శుభప్రదముగా లేదు. గణపతిదేవుని తండ్రి మహాదేవుడు 1198 ప్రాంతమున దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధములో మరణించెను. గణపతిదేవుడు శత్రువులకు చిక్కి బందీ అయ్యెను. రాజు లేని రాజ్యమును సేనాని రేచర్ల రుద్రుడు చెదరిపోకుండ కాపాడెను. కొంతకాలమునకు యాదవ ప్రభువు జైతుగి తన బందీని విడిచిపెట్టి, ఆంధ్రరాజ్యమును తిరిగి అతనికే అప్పగించెను. ఇది దయచేత చేసిన పని యని యాదవుల శాసనములు చెప్పుచున్నవి. రాజ్యమును కాపాడిన ఆ రేచర్ల రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయమును నిర్మింపజేసెను. 2021లో అది యునెస్కో వారి ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపబడినది.

కాకతీయుల రాజ్యము మెట్టభూములలో పుట్టినది. దానికి సముద్రతీరమును చేర్చినవాడు గణపతిదేవుడు. 1201 నాటికే ఆయన సేనలు బెజవాడ వరకు నడచెను. పిదప కృష్ణానది ముఖద్వారమునందలి దివిసీమ వశమయ్యెను. దివిసీమ నేలుచుండిన అయ్య వంశీయులను ఆయన నిర్మూలింపలేదు. ఆ వంశపు ఆడపడుచులు నారాంబను, పేరాంబను వివాహమాడెను. వారి సోదరుడు జాయపను తన గజసైన్యమునకు అధిపతిగా నియమించెను. సంస్కృతమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించినవాడు ఈ జాయప సేనానియే. ఓడిన వంశమును బంధువర్గముగా మార్చుకొనుట గణపతిదేవుని రాజనీతి.

ఆయన రాజధానిని హనుమకొండ నుండి ఓరుగల్లునకు మార్చి, అచట రాతికోటను కట్టింప నారంభించెను. ఆయన కాలముననే పాకాల, రామప్ప చెరువులు త్రవ్వబడినవి. వర్షాధారమైన నేలకు చెరువునీరు అందగా పంటలు పండెను; పంటలు పండగా అంగళ్ళు పెరిగెను. స్వదేశి, పరదేశి, నానాదేశి యను వర్తక సమూహములు ఓరుగల్లు రాజ్యమున వ్యాపారము సాగించెను. అయితే మెట్టనాటి సరుకు దూరదేశములకు పోవలెనన్నను, దూరదేశపు సరుకు ఓరుగల్లు అంగడికి రావలెనన్నను మంచి రేవు కావలెను. ఆ రేవు కృష్ణకు దక్షిణమున, నేటి చినగంజాము చేరువనున్న మోటుపల్లి.

ఆ కాలమున సముద్రయానము ప్రాణములతో చెలగాటము. గాలి అనుకూలించినంతవరకే ఓడకు దారి. తుపానులో చిక్కి తెడ్లు విరిగి, తెరచాపలు చినిగి ఏదో ఒక తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడకు, సముద్రము విడిచిన తరువాతనే మరియొక ఆపద ఎదురయ్యెడిది. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరుకు అంతయు ఆ తీరము నేలు రాజునకే చెందునని ఆనాటి ఆచారము. బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు, ఏది యున్నను రాజభటులు బలవంతముగా తీసికొనెడివారు. చావు తప్పించుకొని ఒడ్డెక్కిన వర్తకుడు బిచ్చగాడై నిలువవలసి వచ్చెడిది. ఇది అన్యాయమని తెలిసినను, తరతరముల ఆచారమను పేరిట దానిని ఎవ్వరును తొలగింపలేదు.

శాలివాహన శకము 1166, క్రోధి నామ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1244-45లో గణపతిదేవుడు ఈ ఆచారమును రద్దుచేసెను. ఖండాంతరముల నుండి, ద్వీపాంతరముల నుండి వచ్చు వర్తకులందరికి అభయమిచ్చుచు మోటుపల్లిలో శాసనస్తంభమును నిలిపించెను. పూర్వరాజులు తుపానుపాలైన ఓడల సొమ్మును అపహరించుచుండిరని ఆయన అందులో దాపరికము లేక ఒప్పుకొనెను. ధనము కొరకు మహాసముద్రమునకు ఒడ్డుకొన్న వారియెడ దయతో, కీర్తిని ధర్మమును కోరి, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుచుచున్నట్లు ప్రకటించెను.

కేవలము దయను ప్రకటించుటతో ఆయన ఊరకుండలేదు. ఆ సుంకమెంతయో కూడ రాతిమీదనే వ్రాయించెను. వచ్చు సరుకునకు, పోవు సరుకునకు ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, దంతము, పగడము, పట్టు, రాగి, సీసము, మిరియములు, పోకలు మొదలగువానిపై సుంకములు విడివిడిగా పేర్కొనబడినవి. రేవు అధికారి తన ఇష్టము వచ్చినట్లు అడుగుటకు వీలు లేదు. అరబ్బు దేశము నుండి వచ్చినను, తూర్పు దీవుల నుండి వచ్చినను, ఓడ దిగిన వర్తకుడు తాను చెల్లింపవలసినదేమో, తనకు మిగులునదేమో ముందుగానే తెలిసికొనగలిగెను. ఇందులో రాజునకును లాభము లేకపోలేదు. ఒక ఓడను దోచిన రేవునకు రెండవ ఓడ రాదు. నమ్మకమున్న రేవునకు నూరు ఓడలు వచ్చును. ధర్మమును ఆదాయమును ఒకే త్రాట నడపిన బుద్ధిశాలి గణపతిదేవుడు.

ఆయన మతవిశ్వాసము కూడ దూరదేశపు బాటసారి వలననే బలపడినది. గౌడదేశమునందలి పూర్వగ్రామము నుండి వచ్చిన విశ్వేశ్వరశంభువు, గోళకీమఠమునకు ఆచార్యుడై, గణపతిదేవునకు శైవదీక్ష ఇచ్చెను. ఆ గురువునకు గణపతిదేవుడు కృష్ణాతీరమునందలి మందడ గ్రామమును వాగ్దానము చేయగా, కుమార్తె రుద్రమదేవి 1261లో ఆ దానమును వెలగపూడితో కలిపి నెరవేర్చెను. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయమున్న వెలగపూడి ఇదియే. ఈ సంగతి మల్కాపురము శాసనమున కలదు. ఆ దానముపై దేవాలయము, విద్యాలయము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రము నడచెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఆకలితో వచ్చిన ఎవరికైనను అచట అన్నము పెట్టవలెనని కట్టడి చేయబడెను. రేవులో పరదేశికి దొరికిన అభయమే సత్రములో ఆకలిగొన్నవానికి అన్నమై దొరికెను.

గణపతిదేవుని చివరి దినములు చిక్కులతో గడచెను. పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు ముత్తుకూరు యుద్ధమున కాకతీయ సేనలను ఓడించెను. అప్పటికే ఆయన తన కుమార్తె రుద్రమదేవికి పాలన నేర్పియుండెను. స్త్రీ యన్న సంకోచము విడిచి రాజ్యమును ఆమెకే అప్పగించెను. ఆ శతాబ్దము చివర ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యపు సన్నని నూలువస్త్రములను, వజ్రములను, న్యాయముగా ఏలిన రాణిని కొనియాడెను. రాణి ఆ రాజు కుమార్తె యని తెలియక భార్య యని పొరబడెను గాని, న్యాయమును మాత్రము సరిగా గుర్తించెను.

1323లో ఓరుగల్లు కూలినది. రాజు పోయిన తరువాత రాతిపై వ్రాత తనంతట తాను ఎవరిని కాపాడలేదు. అందువలన 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చి, సుంకములు తగ్గించి, మరియొక శాసనము వేయింపవలసి వచ్చెను. ధర్మము ఒకసారి వ్రాసిన చాలదు. ప్రతి తరమును దానిని నిలుపుకొనవలెను.

మోటుపల్లి నేడు పెద్ద రేవు కాదు. ఓడలు రావు. వీరభద్రస్వామి ఆలయమున శాసనస్తంభము మాత్రము మిగిలియున్నది. సముద్రము దాటి అన్యుల నేలపై అడుగిడి, కష్టార్జితమును కాపాడుకొన్న పెద్దల సంతతికి ఆ రాయి చెప్పు మాట క్రొత్తది కాదు. ఒడ్డునకు చేరినవానిని దోచక, ఆదరించి నిలుపుకొన్న దేశమే వర్ధిల్లును. ఆ సత్యమును ఎనిమిదివందల యేండ్లకు కొంచెము తక్కువ కాలము క్రిందటనే తెలుగు ప్రభువొకడు శాసనముగా నిలిపెను.