భార్య పుట్టింటి లెక్క రాసిన డాక్టరు పాల్ బ్రోకా

వంశం గురించి అడిగితే మన పెద్దలు ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుంచి ఇక్కడికి వచ్చామన్నది గడగడా చెబుతారు. ఆ ఇంటి ఆడవాళ్లు ఏ జబ్బుతో పోయారంటే మాత్రం మాట దాటేస్తారు. సుమారు 160 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఒక డాక్టరు సరిగ్గా ఆ లెక్కే రాశారు. అదీ తన భార్య పుట్టింటి లెక్క. ఆయనే పాల్ బ్రోకా.

బ్రోకా 1824 జూన్ 28న బోర్డో నగరానికి తూర్పున ఉన్న సాంత్ ఫ్వా లా గ్రాండ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశంలో వాళ్లది ప్రొటెస్టెంట్ కుటుంబం. తండ్రి బెంజమిన్ కూడా డాక్టరే. పదిహేడో ఏట బ్రోకా పారిస్ వెళ్లి వైద్యవిద్యలో చేరారు. 1849లో డాక్టరు పట్టా అందుకున్నారు.

ఆ రోజుల్లో పారిస్‌లో పేరున్న సర్జన్లు చాలామంది మైక్రోస్కోపును నమ్మేవారు కాదు. కంటికి కనిపించే గడ్డను కత్తితో తీసేయడమే వైద్యమనుకునేవారు. యువకుడైన బ్రోకా క్యాన్సర్ గడ్డలను మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. క్యాన్సర్ రక్తనాళాల్లోకి చొరబడి ఒంట్లో మరోచోటికి ఎలా పాకుతుందో పరిశీలించారు.

1857లో ఆడెల్ ఒగుస్తిన్‌ను పెళ్లాడారు. ఆమె తండ్రి లూగోల్ కూడా పేరున్న వైద్యుడు. నేటికీ ఆస్పత్రుల్లో వాడే లూగోల్ అయోడిన్ ద్రావణం ఆయన పేరు మీదే ఉంది. బ్రోకా దంపతులకు ఒక కూతురు, ఇద్దరు కొడుకులు.

బ్రోకాకు పెద్ద పేరు తెచ్చింది మెదడు మీద చేసిన పని. 1861లో ఆయన దగ్గరికి వచ్చిన ఒక రోగి టాన్ అన్న ఒక్క ముక్క తప్ప దాదాపు మరేమీ పలకలేకపోయేవాడు. అతను చనిపోయాక మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో ఒక చోట దెబ్బతిన్నదని బ్రోకా చూపించారు. మాటకు సంబంధించిన ఆ భాగాన్ని వైద్య విద్యార్థులు ఇప్పటికీ బ్రోకా ప్రాంతమనే చదువుకుంటారు.

క్యాన్సర్ కుటుంబాల గురించి రాసింది మాత్రం 1866లో, గడ్డల మీద వెలువరించిన పెద్ద గ్రంథంలో. ఒకే కుటుంబంలో నాలుగు తరాల వాళ్లను వరుసగా రాసి, ఎవరు ఏ జబ్బుతో పోయారో చూపించారు. మొత్తం 24 మంది స్త్రీలలో 10 మంది రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు. ఒకే ఇంట్లో ఇన్ని మరణాలు అనుకోకుండా జరగవని, ఈ జబ్బు వచ్చే గుణం వంశంలో దిగుతోందని ఆయన తేల్చారు. ఆ కుటుంబం పేరు మాత్రం బయటపెట్టలేదు. అది ఆయన భార్య పుట్టిల్లేనని చరిత్రకారుల మాట. 

అదే 1866లో మెండెల్ బఠాణీ మొక్కల మీద రాసిన వ్యాసం అచ్చయింది. వంశంలో గుణం ఎలా దిగుతుందో చెప్పే సూత్రాలు అందులోనే ఉన్నా, దాన్ని అప్పట్లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

బ్రోకా లెక్కలన్నీ నిలబడలేదు. పుర్రెల కొలతలు తీసి, మెదడు పరిమాణాన్ని బట్టి జాతులకు, స్త్రీ పురుషులకు తెలివిలో హెచ్చుతగ్గులు కట్టారు. అది తప్పని తర్వాతి శాస్త్రం తేల్చింది. 1880లో ఆయన సెనేట్‌కు జీవితకాల సభ్యుడిగా ఎన్నికయ్యారు. ఆ జూలైలోనే 56 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

క్యాన్సర్ కుటుంబం లెక్క మాత్రం నిలిచింది. 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ బృందం, చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చే కుటుంబాలను పరిశీలించి, కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్‌లో ఉందని చూపించింది. దాని పేరు బీఆర్‌సీఏ1. తర్వాత బీఆర్‌సీఏ2 కూడా దొరికింది. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశం నుంచి వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. కానీ ఆ లోపం తల్లిలో ఉన్నా తండ్రిలో ఉన్నా, కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. తండ్రికి ఏ జబ్బూ లేకపోయినా కూతురికి అందవచ్చు. అందుకే మేనత్తల సంగతి, నాయనమ్మ సంగతి కూడా తెలియాలి.

వంశంలో ఉంటే ఇక బతకరన్న భయం మన ఇళ్లలో ఉంది. బ్రిటన్‌లో 40 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,733 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. వారిలో 12 శాతం మందికి బీఆర్‌సీఏ లోపం ఉంది. చికిత్స తీసుకున్నాక పదేళ్లకు చూస్తే, లోపం ఉన్నవారికీ లేనివారికీ బతికి ఉండే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది చేతులెత్తేయాల్సిన రాత కాదని దీని అర్థం.

ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చినా, ఎవరికైనా అండాశయ క్యాన్సర్ వచ్చినా, మగవారికి రొమ్ము క్యాన్సర్ వచ్చినా డాక్టరుకు చెప్పాలి. జన్యు పరీక్ష అవసరమో కాదో వాళ్లు చూస్తారు. మన కుటుంబాలు నాలుగు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నాయి. పెళ్లి సంబంధాలు చెడతాయని ఈ జబ్బు పేరు దాచడమూ ఉంది. బ్రోకా అత్తవారి పేరు దాచారు గానీ జబ్బును దాచలేదు. ఈసారి పెళ్లికో పండక్కో చుట్టాలంతా కలిసినప్పుడు, ఆ లెక్క మనమూ ఒక కాగితం మీద రాసుకుంటే మన ఆడపిల్లలకు పనికొస్తుంది.