వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియరు

పదునేడవ శతాబ్దమున మొగలాయి సామ్రాజ్యమును దర్శించిన పాశ్చాత్యులలో ఫ్రాన్స్వా బెర్నియరు సుప్రసిద్ధుడు. చరిత్రకారు లాయనను ప్రధానముగ యాత్రికుడుగనే స్మరింతురు. కాని ఈ దేశమున ఆయనకు జీవనాధారమైనది వైద్యవృత్తి. సంవత్సరములతరబడి ఆయన యొనర్చిన ముఖ్యకార్యము భాషాంతరీకరణము. వైద్యుడు అనువాదకుడైన ఈ వృత్తాంతము భారతీయభాషల అధ్యయనమునకు మిక్కిలి ఉపకరించునట్టిది.

బెర్నియరు 1620 లో ఫ్రాన్సు దేశమునందలి ఆంజూ మండలమున వ్యవసాయకుటుంబమున జన్మించెను. యౌవనమున తత్త్వవేత్త గాసెండీకి శిష్యుడై పరమాణువాదమును, ప్రకృతిశాస్త్రములను అభ్యసించెను. 1652 లో మోంపెల్యే వైద్యవిద్యాపీఠమున చేరి కొన్ని మాసములలోనే పట్టమును పొందెను. ఇట్లు శీఘ్రముగ లభించు పట్టమునకు, ఫ్రాన్సు భూభాగమున చికిత్స చేయరాదను నిబంధన యొకటి యుండెడిదని ఆయన జీవితచరిత్రకారులు తెలిపియున్నారు. కావున ఆయన వైద్యవిద్యకు సార్థకత విదేశములందే లభింపవలసియుండెను. గురువునకు అంత్యదశలో పరిచర్య చేసి, 1655 లో ఆయన మరణించిన పిమ్మట, మరుసటి యేడు బెర్నియరు స్వదేశమును విడిచెను.

పాలస్తీనా, ఈజిప్టు దేశములను చూచి ఆయన అబిసీనియాకు పోదలచెను. అచ్చటి పరిస్థితులు అనుకూలముగ లేవని తెలిసి ఆ యత్నమును మానుకొని, మోచా రేవున ఓడ యెక్కి ఇరువదిరెండు దినములలో సూరతు చేరెను. అది 1658 వ సంవత్సరాంతమో, 1659 ఆరంభమో అయియుండును. నేడు ఖటోదరా, ఉధనా మొదలగు పేటలతో దక్షిణమునకు విస్తరించిన ఆ నగరము అప్పుడు తాపీనదీతీరమున నున్న మొగలాయి సామ్రాజ్యపు ప్రధానమైన రేవు. మక్కాయాత్రికులును, ఆంగ్ల, డచ్చి వర్తకులును అచ్చటనే దిగుచుండిరి.

ఆ సమయమున షాజహాను కుమారుల నడుమ సింహాసనమునకై పోరు సాగుచుండెను. 1659 మార్చిలో అజమేరు చెంత ఓడిపోయి పలాయితుడగుచున్న దారా షికో, అహమ్మదాబాదు సమీపమున బెర్నియరును చూచి, వైద్యుడని తెలిసికొని, బలవంతముగ వెంట గొనిపోయెను. దారా భార్య కాలిరోగముతో బాధపడుచుండెను. కొలది దినములకే దారా సింధు దిక్కుగ సాగిపోయెను. బండియెద్దులు నశించుటచే బెర్నియరు వెనుకబడెను. దారిలో దొంగలబారి పడి ధనమును గోల్పోయి, ఢిల్లీ చేరి, జరుగుబాటునకై చక్రవర్తికొలువున వైద్యుడుగ జీతమునకు కుదిరెను. అనతికాలమునకే విద్యాప్రియుడైన ప్రభువు దానిష్మంద్ ఖాను ఆయనను తన యొద్ద నుంచుకొనెను.

ఇచ్చటనే ఆయన జీవితమున ముఖ్యమైన ఘట్టము ప్రారంభమగుచున్నది. రక్తప్రసరణమును గూర్చి హార్వే 1628 లో ప్రకటించిన సిద్ధాంతమును, అన్నరసమును రక్తమునకు చేర్చు నాళమును గూర్చి పెకే 1651 లో వెల్లడించిన విషయములను ఆయన ఖానునకు బోధించెను. గాసెండీ, డెకార్టుల తత్త్వమును పారసీకమున అనువదించి వినిపించెను. అయిదాఱేండ్లు ఇదియే తన ముఖ్యవ్యాపారమని ఆయనయే తెలిపియున్నాడు. ఐరోపాలోనే ఇంకను వివాదగ్రస్తములైన నూతనశాస్త్రములు ఇట్లు ఢిల్లీలో పారసీకభాషాద్వారమున వినబడినవి.

పూర్వము దారా కొలువున నుండిన సంస్కృతపండితు డొకడు మూడేండ్లు ఖాను ఆశ్రయమున నుండెను. ఉపనిషత్తులను పారసీకము చేయించిన దారా ఆస్థానసంప్రదాయ మిట్లు మఱియొక గృహమున కొనసాగినది. బెర్నియరునకు సంస్కృతము రాదు. హిందూశాస్త్రములను గూర్చి ఆయన వ్రాసినదంతయు చాలవఱకు పారసీకసంభాషణమువలన గ్రహించినదే. రక్తప్రసరణమును చూపుటకై ఆయన మేకలను, గొఱ్ఱెలను కోయగా హిందువులు భయవిస్మయములతో పాఱిపోయిరట. శరీరములను కోయని హిందువులకు శారీరశాస్త్ర మేమియు తెలియదనియు, అయినను దేహమున సిరలు అయిదువేలని నిశ్చయముగ చెప్పుదురనియు ఆయన తీర్మానించెను.

ఈ తీర్మానము పరిశీలింపదగినది. సుశ్రుతసంహితలోని శారీరస్థానము శవమును నీటిలో నానవైచి పరీక్షించు విధానమును వివరించుచున్నది. సిరలు ఏడువందలని చెప్పుచున్నది. కావున బెర్నియరు వినిన సంఖ్య ఆ గ్రంథమునందలిది కాదు. నాటికి శవపరీక్ష ఆచారమున లేకుండుటను చూచి, అది శాస్త్రముననే లేదని ఆయన తలచెను. మూలభాష రానివాడు సమకాలికాచారమునే శాస్త్రమని భ్రమించుట కిది స్పష్టమైన నిదర్శనము.

కంటితో చూచిన చికిత్సావిషయమున మాత్రము ఆయన సత్యమునే పలికెను. జ్వరమున హిందూవైద్యులు లంఘనమునే ముఖ్యౌషధముగ నెంతురనియు, మాంసరసమును విషమువలె వర్జింతురనియు, అవసరమైననేగాని రక్తము తీయరనియు వ్రాసెను. ఇవి ఐరోపావైద్యమునకు విరుద్ధములైనను, ఈ దేశమున సఫలములగుచున్నవని అంగీకరించెను. నవజ్వరమున లంఘనము చరకసంహిత విధించినదే. గ్రంథమును చదువకయే ఆయన రోగిశయ్యవద్ద దాని సారమును గుర్తించెను.

1664 వ సంవత్సరాంతమున ఔరంగజేబు కాశ్మీరమునకు బయలుదేరగా బెర్నియరు ఖాను పరివారముతో వెడలెను. మరుసటి యేడు రత్నవర్తకుడు టావెర్నియరుతో గలసి వంగదేశమునకు పోయి, రాజమహలువద్ద ఆయనను వీడి, పిదప మచిలీపట్టణమును, గోలకొండను దర్శించెను. షాజహాను మరణవార్తను వినినది గోలకొండలోనే. అప్పుడు పాలించుచుండిన అబ్దుల్లా కుతుబ్‌షా మొగలాయిల ఒత్తిడికి లోబడి ధైర్యము గోల్పోయిన విధమును ఆయన తన గ్రంథమున వర్ణించెను.

1667 లో సూరతులో యాత్రికుడు షార్డెనును కలసికొని, పారసీకదేశము మీదుగ 1669 లో స్వదేశము చేరెను. 1670 మొదలు ప్రకటితమైన ఆయన గ్రంథమును ఐరోపా ఆసక్తితో చదివెను. డ్రైడెను 1675 లో రచించిన ఔరంగజేబు నాటకమునకు అదియే ఆధారము. తరువాత గురువుగారి తత్త్వమును సంగ్రహించి 1678 లో ఎనిమిది సంపుటములుగ వెలువరించెను. 1684 లో మానవజాతులను విభజించుచు వ్రాసిన వ్యాసము మాత్రము అనంతరకాలమున తీవ్రవిమర్శకు గుఱియైనది. 1688 సెప్టెంబరులో పారిసున మరణించెను.

స్వదేశమున చికిత్సకు అనుమతి లేని వైద్యుడు పరదేశమున చక్రవర్తికొలువును, పండితగోష్ఠిని పొందెను. పారసీకము ఆయనకు ఢిల్లీ ద్వారమును తెఱచినది. సంస్కృతము రాకపోవుటచే సుశ్రుతుని ద్వారము మూసియేయున్నది. ఆయన రచనలను ఆధారముగ గొను పరిశోధకులు ఏ వాక్యము ఆయన చూచి వ్రాసినదో, ఏది మధ్యవర్తిముఖమున వినినదో వేఱుపఱచుకొనుట ప్రథమకర్తవ్యము.