డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి విద్యార్థి దశ

మహాసభా సంచికలలో మహనీయుల జీవితములను ప్రకటించుట మనవారి ఆచారము. సాధారణముగా వారి బిరుదములను, పదవులను, కీర్తిని వర్ణించి విరమింతుము. ఆ యున్నతికి వారు ఏ మెట్ల మీదుగా ఎక్కి వచ్చిరో, ఎక్కడ జారిరో, జారినపుడు చేయూత నొసంగిన వారెవ్వరో చెప్పుట అరుదు. వైద్యవిద్య నభ్యసింపగోరు బాలబాలికలకును, వారికి ధనసహాయ మొనర్చు పోషకులకును ఉపయోగించునది ఆ భాగమే గనుక, యల్లాప్రగడ సుబ్బారావుగారి విద్యార్థి దశనే యిందు ముఖ్యముగా వివరింపబూనితిమి.

సుబ్బారావుగారు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ఆయన ముందుగానే కొలువు విడువవలసివచ్చెను. తల్లి వెంకమ్మగారు. పెద్ద కుటుంబము, చాలని రాబడి. బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై శ్రద్ధ లేకుండెను. పదమూడవ యేట కాశికి పారిపోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించెనని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. రాజమహేంద్రవరమున చదివెడు కాలమున మెట్రిక్యులేషను పరీక్ష తప్పిరి. తండ్రి గతించెను. ఆ తల్లి నిరాశ చెందక, తన నగలమ్మి కుమారుని చెన్నపురికి పంపెననియు చెప్పుదురు. అచ్చటి హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవమారు పరీక్షకు పోయి కృతార్థులైరి.

రెండుమారులు తప్పిన బాలుడు మందమతియని లోకము తీర్పు చెప్పును. అటుపై ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించిన ఈ విద్యార్థికి గణితమునందు మంచి ప్రవేశమున్నను, మనస్సు మాత్రము సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరగోరగా తల్లి అనుమతింపలేదు. సేవయే కోరికయైనచో వైద్యము నభ్యసించి సేవ చేయవచ్చునని మఠమువారే హితవు చెప్పిరి. ఈ విధముగా ఆయన వైద్యవిద్యకు వచ్చినది ఉద్యోగాశచేత గాక సేవాబుద్ధిచేత. ఆ వత్సరములలోనే సోదరు లిరువురు స్వల్పకాల వ్యవధిలో సంగ్రహణి వ్యాధిచే మృతినొందిరి. ఆ వ్యాధికి తగిన మందు ఆనాటి వైద్యులకు తెలియదు. ఆ దుఃఖము ఆయన హృదయమున నాటుకొని, జీవితాంతము వీడలేదు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు వివాహమాడిరి. అవి స్వదేశీ యుద్యమము దేశమెల్ల వ్యాపించిన దినములు. సుబ్బారావుగారు శస్త్రవైద్య తరగతికి సయితము ఖద్దరు దుస్తులనే ధరించి పోయిరి. శస్త్రవైద్యాచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరగారికి అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో సమర్థుడని తేలినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకై యత్నించిరి గాని ఫలింపలేదు.

ఈ స్థితిలో ఆయనకు ఆశ్రయమిచ్చినవారు ఆచంట లక్ష్మీపతిగారు. వారు పాశ్చాత్య వైద్యమున పట్టభద్రులై, పిదప ఆయుర్వేదోద్ధరణకు పూనుకొన్న ప్రసిద్ధ వైద్యులు. తన సోదరులను బలిగొన్న సంగ్రహణియే తన్నును పీడించినపుడు సుబ్బారావుగారు వీరి చికిత్సవలననే కోలుకొనిరి. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు, మన ఓషధుల గుణములను ఆధునిక పద్ధతులతో పరీక్షింపవలెనని తలపోసిరి. అందులకు కావలసిన పరికరములు గాని శిక్షణము గాని ఇచ్చట లేకపోయెను. అమెరికా పోవలెనను సంకల్పము కలిగెను. సంకల్పమున్నది, ద్రవ్యము లేదు.

ఇక్కడ పాఠకులు ఒక విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. రంగూనులో వర్తకముచే విశేషధనము నార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు తమ యాస్తిని ధర్మకార్యములకు వినియోగింప నేర్పాటుచేసిరి. కాకినాడలోని ఆ ధర్మసంస్థవారు ఈ విద్యార్థికి సహాయము వాగ్దానము చేసిరి. మామగారును కొంత ధనము సేకరించిరి. ఆ దాతయు ఈ విద్యార్థియు ఒక్క కులమువారు కారు. రెండుమారులు పరీక్ష తప్పి, తక్కువ పట్టము పొంది, ఉద్యోగము దొరకని యువకునకు ఆ ధర్మద్రవ్యము దారి చూపినది.

1920 తరువాతి తొలి వత్సరములలో ఆయన బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరిరి. అమెరికాలో వైద్యము చేయుటకు అధికారపత్రము లేనందున, పొట్టకూటికై పీటర్ బెంట్ బ్రిగాము ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచు కొలువు చేసిరి. పగలు చదువు, రాత్రి ఊడిగము. సద్వంశ సంజాతుడనని గాని, వైద్యపట్టము గలవాడనని గాని ఆయన ఆ పనికి సిగ్గుపడలేదు. ఆ పాఠశాలలో డిప్లొమా పొంది, జీవరసాయన శాఖలో ప్రవేశించిరి.

అచ్చట సైరస్ ఫిస్కుగారితో కలిసి, రక్తమూత్రాదులలోని భాస్వరమును కొలుచు సులభ పద్ధతిని 1925లో ప్రకటించిరి. భాస్వరముతో కలిసి నీలవర్ణము నిచ్చు ద్రవ్యములను చేర్చి, ఆ నీలిమ గాఢతనుబట్టి పరిమాణమును నిర్ణయించుట దాని కిటుకు. విద్యార్థులు ఆ పద్ధతిని ఫిస్కు-సుబ్బారావుల పేరిటనే నేర్చుకొనుచు వచ్చిరి. ఆ కొలతయే వారిని కండరములలోని శక్తి రహస్యము కడకు చేర్చినది. 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. యనబడు పదార్థమును వెల్లడించిరి. మన శరీరము కదలుటకు వలసిన శక్తిని అందించునది ఈ ఏ.టి.పి.యే. జర్మనీలో లోమనుగారును ఆ కాలముననే దీనిని స్వతంత్రముగా కనుగొనిరి. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము లభించెను. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పిన బాలుడు ముప్పదియైదవ యేట హార్వర్డు పండితుడయ్యెను.

విశ్వవిద్యాలయమున స్థిరమైన పదవి దొరకకపోవుటచే 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వము వహించిరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించి, దానిని సంగ్రహణికిని, ఒకవిధమైన పాండురోగమునకును ఔషధముగా నందించెను. సోదరులను హరించిన వ్యాధికి మందు ఈ విధముగా ఆయన చేతిమీదుగా వచ్చినది. కణములు వృద్ధిచెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరినును కూడ వారే సిద్ధపరచిరి. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు కేన్సరుతో బాధపడు పిల్లలపై ప్రయోగించి, కొందరికి తాత్కాలికముగా వ్యాధి అణగినదని 1948లో ప్రకటించిరి. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను 1947లో వారి పరిశోధనాలయమునుండియే వెలువడెను. 1955లో మన ప్రభుత్వము బోదకాలు నివారణోద్యమమును ఆరంభించినపుడు ఈ మందే ముఖ్యసాధనమయ్యెను. ఆ వ్యాధి విరివిగా నుండిన మన కోస్తా తీరమునకు, ఆ తీరముననే పుట్టినవాని కృషి ఔషధరూపమున చేరినది. డగ్గరుగారు కనుగొనిన ఆరియోమైసినుకూడ వీరి నాయకత్వమున జరిగిన పరిశోధనల ఫలమే.

ఇంతటి విజయమునకు చెల్లిన మూల్యమును దాచరాదు. ఆయన ఓడ యెక్కిన తరువాత పుట్టిన కుమారుడు శైశవముననే గతించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. ఆయన స్వదేశమునకు మరల రాలేదు, భార్యాభర్తలు మరల కలిసికొనలేదు. 1948 ఆగష్టులో, 53వ యేట, ఆయన న్యూయార్కు రాష్ట్రమున పరమపదించిరి. శేషగిరిగారి నిరీక్షణము ఏ బిరుదులోను, ఏ ప్రశంసలోను లెక్కకు రాలేదు. ఆయనకు గల ఘనతలో ఆమెకును భాగము కలదని మనమైనను ఒప్పుకొనుట న్యాయము. 1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము ఆయన స్మృత్యర్థము తపాలాబిళ్ల వెలువరించినది.

సంఘబంధువులారా! విద్యార్థివేతనముల నొసంగు వేళ మనము ప్రథమశ్రేణిలో నెగ్గినవారినే వెదకుదుము, ఒకమారు తప్పినవారి దరఖాస్తును ప్రక్కకు త్రోయుదుము, మనవాడా కాడా యని విచారింతుము. ఆనాడు వెంకమ్మగారును, సూర్యనారాయణమూర్తిగారును, లక్ష్మీపతిగారును, కాకినాడ ధర్మసంస్థవారును అట్లే తలచియున్నచో, సుబ్బారావుగారు ఏ పల్లెలోనో గుమాస్తాగా జీవితము వెళ్లబుచ్చియుందురు. కావున పోషకులు తమ నిధులలో కొంతభాగమును పరీక్ష తప్పియు పట్టువిడువని విద్యార్థులకును, కులభేదము పాటింపక అర్హులైన బీదలకును కేటాయింపవలెనని వేడుచున్నాము. చదువుకై దూరదేశమున కేగువారి యిండ్లలో మిగిలియుండు ఆడువారిని, వృద్ధులను కనిపెట్టి చూచుటయు ఆ ధర్మములోని భాగమే.

విద్యార్థులారా! తప్పిన పరీక్ష మరల వ్రాయుడు. దొరికిన పని చిన్నదని విడువకుడు. నేర్చిన వైద్యమును రోగి బాధ తీర్చుటకు వినియోగింపుడు. భగవంతుడు మీకు ఆయురారోగ్యములను, సేవాభాగ్యమును ప్రసాదించుగాక!