గుండె బరువు దించిన గొంతు

మా ఆఫీసు న్యూయార్క్‌లోని ఆస్టోరియాకు దగ్గర. అక్కడో పాత సినిమా స్టూడియో ఉంది. ఏళ్లుగా దాని పక్క నుంచే వెళ్తున్నాను. టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ 1934, 35లలో స్పానిష్ సినిమాల్లో నటించింది అక్కడేనని అర్జెంటీనా నుంచి వచ్చిన సహోద్యోగి చెప్పేదాకా నాకు తెలియదు. మనకు ఘంటసాల ఎంతో, వాళ్లకు గార్డెల్ అంత.

ఆయనదీ వలస కథే. 1890 డిసెంబర్ 11న ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో పుట్టినట్టు రికార్డు ఉంది. ఉరుగ్వే వాళ్లు మాత్రం మావాడే అంటారు. తండ్రి అండ లేదు. తల్లి బెర్త్ గార్డెస్ 1893లో రెండేళ్ల పిల్లాడితో ఓడెక్కి బ్యూనస్ ఎయిర్స్ చేరింది. బట్టలు ఇస్త్రీ చేసి కొడుకును పెంచింది.

అప్పట్లో ఆ ఊళ్లోని అద్దె గదులు యూరప్ నుంచి పనికోసం వచ్చినవాళ్లతో కిక్కిరిసి ఉండేవి. ఇల్లూవాకిలీ వదిలి ఒంటరిగా వచ్చిన మగవాళ్లే ఎక్కువ. టాంగో అలాంటి పేటల్లోనే పెరిగింది. మొదట్లో అది ప్రధానంగా డ్యాన్సు. మాటలున్నా అవి ఎక్కువగా సరదాకో, గొప్పలకో.

1917లో గార్డెల్ 'మి నోచె త్రిస్తె' రికార్డు చేశారు. నా విషాద రాత్రి అని అర్థం. సామ్యూల్ కాస్ట్రియోటా బాణీకి పాస్కువాల్ కొంతుర్సి మాటలు రాశారు. ప్రియురాలు వదిలిపోయాక గదిలో ఒక్కడే మిగిలిన మగవాడి గోడు అది. ఆమె తిరిగొస్తుందేమోనని రాత్రిపూట తలుపు కూడా వేసుకోలేడు. ప్రగల్భాలు లేవు. బాధగా ఉందని ఒప్పుకోవడమే. టాంగో పాటకు ఆ రికార్డే దారి వేసింది.

తర్వాత అల్ఫ్రెడో లె పెరా మాటలకు గార్డెలే బాణీలు కట్టారు. ఆస్టోరియాలో తీసిన సినిమాలోని 'వోల్వెర్' అలాంటిదే. ఏళ్ల తర్వాత నెరిసిన తలతో సొంత ఊరికి తిరిగెళ్తున్న మనిషి దిగులు అది. అర్థం తెలుసుకుని విన్నరోజు పార్కింగ్‌లోనే చాలాసేపు కూర్చుండిపోయాను. మా నాన్న పోయినప్పుడు నేను సమయానికి ఇంటికి చేరలేకపోయాను. అంత్యక్రియలు ఫోన్‌లో చూశాను. మర్నాడు మామూలుగా మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

1935 జూన్ 24న కొలంబియాలోని మెడెలిన్‌లో గార్డెల్ ఎక్కిన విమానం పైకి లేవబోతూ మరో విమానాన్ని ఢీకొంది. ఆయనా, లె పెరా కూడా చనిపోయారు. గార్డెల్‌కు అప్పటికి 44 ఏళ్లు. తల్లి ఆ సమయంలో సముద్రానికి అవతల, టూలూజ్‌లో ఉంది. 1936 ఫిబ్రవరిలో ఆయన్ను బ్యూనస్ ఎయిర్స్‌లోని చకరీటా శ్మశానవాటికలో ఖననం చేశారు. 1943లో కన్నుమూసిన తల్లి కూడా అక్కడ కొడుకు పక్కనే ఉంది. సమాధి దగ్గరున్న గార్డెల్ విగ్రహం వేళ్ల మధ్య అభిమానులు ఇప్పటికీ వెలిగించిన సిగరెట్ పెట్టి వెళ్తారు. 2003లో యునెస్కో ఆయన రికార్డులను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మనలో చాలామందికి ఫోన్‌లో అంతా బాగానే ఉందని చెప్పడం అలవాటు. వాళ్లు కంగారు పడతారని మనం, మనం బెంగ పెట్టుకుంటామని వాళ్లు దాచుకుంటాం. వోల్వెర్ విన్న రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. నాన్న గుర్తొస్తున్నారమ్మా అన్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గంటసేపు నాన్న గురించే చెప్పింది.