బ్రౌను దొరకూ తప్పని పుస్తకాల బెంగ

పరీక్షకు ఏ పుస్తకం చదవాలి? మనందరికీ ఉండే ఈ బెంగ మన కడపతో పేరు ముడిపడ్డ బ్రౌను దొరకూ తప్పలేదు.

1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో కంపెనీ కొలువుకు మద్రాసు చేరాడు. అక్కడి కోట కాలేజీలో దేశభాషా పరీక్ష నెగ్గితేగాని ఉద్యోగంలో నిలదొక్కుకోలేడు. తెలుగు పట్టాడు. చేతికందేవి కేరీ (1814), కాంబెల్ (1816) వ్యాకరణాల వంటి నాలుగైదు పుస్తకాలే. కాంబెల్ నిఘంటువు అచ్చయింది 1821లో. ఈయన పరీక్ష గట్టెక్కింది 1820లోనే!

ఆ ఏడే కడప వచ్చాడు. కచేరీలో అర్జీలు, రైతుల మాటలు ఎదురయ్యాయి. పరీక్ష చదువు వేరు, పనికొచ్చే చదువు వేరు. లేని పుస్తకాలు తానే తయారు చేయ పూనుకున్నాడు. సొంత డబ్బుతో పండితులను పోషించి తాటాకు ప్రతులు పోల్చి చూపించాడు. 1829లో వేమన పద్యాలు, 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ 1852లోనే నేర్చుకునేవారికి వాచకం కూర్చాడు. అందులో ఏరిపెట్టినవి ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు!

1884లో లండన్‌లో కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. గైడుతో పాసైపోదామనుకునే మిత్రులారా, ఒక్కసారి అక్కడికి వెళ్లి రండి.